రెండూ తొంభై

ఆ కాలువ ఈ చివర నుంచి ఆ చివరదాకా జల్లెడ పట్టినా గేజీ చూసే సెంటీమీటరంత నికార్సయిన మనిషి దొరకడు. వంతెన పక్క మెట్లు దిగి, నీళ్ళలో నిలబెట్టిన గేజీ పలక మీద మట్టం ఎంతుందో చూసి, పుస్తకంలో రాసుకుని, ఆఫీసుకి ఫోన్లో చెప్పడం అతని ఉద్యోగం. పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం పన్నెండింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి. ఇరవయ్యారేళ్ళలో ఒక్క పూట తప్పలేదు. పెళ్ళిరోజున పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి, గేజీ చూసొచ్చి అప్పుడు పెళ్ళి చేసుకున్నాడు. అతను మెట్టు మీద కాలు పెడితే చేపలు పక్కకి తప్పుకునేవనీ, కాలువ కూడా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి కదలకుండా కొలతకి నిలబడేదనీ చూసినవాళ్ళు చెబుతారు.

అతని అసలు పేరు ఇంట్లో ఇల్లాలు కూడా వాడదు. ఎదురుపడిన ప్రతి మనిషికీ "ఇవాళ రెండు సెంటీమీటర్లు పెరిగింది", "ఇవాళ ఒకటి తగ్గింది" అని చెప్పి చెప్పి సెంటీమీటరు అయిపోయాడు.

ఒక సోమవారం పొద్దున ఆఫీసు జీపు వచ్చి వంతెన మీద ఆగింది. నలుగురు పనివాళ్ళు దిగి, రెయిలింగుకి ఒక ఇనుపచెయ్యి బిగించి, దాని చివర బూడిదరంగు పెట్టె ఒకటి వేలాడదీశారు. అన్నం డబ్బాకంటే కాస్త పెద్దది. పక్కనే సోలార్ పలక పెట్టారు. పెట్టె నీళ్ళకి నాలుగు మీటర్ల పైన, నీటిచుక్క కూడా అంటకుండా, గబ్బిలంలా కిందకి చూస్తూ ఉండిపోయింది.

వాళ్ళతో వచ్చిన ఇంజనీరమ్మకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. తెల్ల టోపీ తీసి రెయిలింగు మీద పెట్టి అతని పక్కన నిలబడింది.

"ఇది రాడార్, బాబాయ్ గారూ. ఇందులోంచి కంటికి కనబడని తరంగాలు పోయి నీళ్ళకి తగిలి తిరిగొస్తాయి. నిలువుగా పోయినవి మట్టం ఎంతో చెబుతాయి. ఏటవాలుగా పోయినవి నీళ్ళు ఎంత జోరుగా పోతున్నాయో చెబుతాయి. కాలువ అడుగు వెడల్పూ లోతూ ఎండాకాలంలోనే కొలిచి దీనికి నేర్పేశాం. అన్నీ కలిపి హెచ్చవేసి, ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయో పావుగంటకోసారి మనందరి ఫోన్లకీ పంపిస్తుంది."

"నీళ్ళు ముట్టుకోకుండానే?"

"ముట్టుకోకుండానే."

"నిద్రపోదా?"

"పోదు."

"జ్వరం అదీ..."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

"పది రోజులు మీరూ చూడండి, అదీ చూస్తుంది," అందామె. "రెండు లెక్కలూ కలిస్తే మీకిక మెట్లు దిగే శ్రమ ఉండదు."

సెంటీమీటరు మనసులో లెక్క వేసుకున్నాడు. లెక్కలు కలిస్తే తను అక్కర్లేదు. కలవకపోతే తప్పు తనదే అంటారు, అప్పుడూ అక్కర్లేదు. పెట్టె వంక చూశాడు. అది అతని వంక చూడలేదు, నీళ్ళ వంకే చూస్తోంది.

"దీనికి రెండూ తొంభై సంగతి చెప్పారా అమ్మా?" అన్నాడు చివరికి.

"అంటే?"

"కింద మలుపు దగ్గర గట్టు కుంగిపోయింది. జనం ఎక్కీ దిగీ, పశువులు తొక్కీ అరిగిపోయింది. ఇక్కడ పలక మీద నీళ్ళు రెండు మీటర్ల తొంభైకి వచ్చాయంటే అక్కడ గట్టు అంచుకి వచ్చినట్టు. గట్టు కింద ముప్పై ఇళ్ళున్నాయి. మొదటి ఇల్లు మా అక్కది. మోకాళ్ళ నొప్పులు, నాలుగడుగులు వెయ్యలేదు."

ఇంజనీరమ్మ విసుక్కోలేదు. "ఆ గట్టు మరమ్మతుల జాబితాలో ఉంది. అయినా మనం తొమ్మిదివందల క్యూసెక్కులు దాటనివ్వం కదా. తొమ్మిదివందలు పారితే రెండూ నలభై. అంతకు మించి ఎలా వస్తుంది?"

ఎలా వస్తుందో అతనికీ తెలియదు. తెలియదు గనుకే భయం.

మంగళవారం సాయంత్రం సెంటీమీటరు పుస్తకంలో రెండూ నలభై ఒకటి అని రాశాడు. బుధవారం పొద్దునకల్లా జీపు మళ్ళీ వంతెన మీద ఉంది.

"నిన్న సాయంత్రం ఆరింటికి మీరు రెండూ నలభై ఒకటి అన్నారు. ఇది రెండూ ముప్పై అంటోంది," అంది ఇంజనీరమ్మ. "పదకొండు సెంటీమీటర్ల తేడా."

"పెట్టె ఊగుతోందమ్మా గాలికి," అన్నాడు సెంటీమీటరు. "పైనుంచి చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది? నీళ్ళ సంగతి నీళ్ళ దగ్గరే తెలియాలి."

అతని ఖర్మకొద్దీ అప్పుడే గేటు దగ్గర్నుంచి అతని వియ్యంకుడు సైకిలు మీద వచ్చాడు. వంతెనకి ఎగువన, అర కిలోమీటరు దూరంలో, కాలువలోకి నీళ్ళు వదిలే గేటుంది. దాని చక్రం తిప్పేది ఆయనే. ఆయన కూతుర్నే సెంటీమీటరు కొడుక్కి చేసుకున్నారు.

"నిన్న గేటు ఏమైనా కదిపారా?" అని అడిగింది ఇంజనీరమ్మ.

"కదిపానండి. చెత్త తీయించడానికి నాలుగింటికి దించాను, ఏడింటికి మళ్ళీ ఎత్తాను. పుస్తకంలో రాశాను కూడా," అన్నాడు ఆయన, ఎవరి కొంప ముంచుతున్నాడో తెలియని అమాయకత్వంతో.

ఆమె సెంటీమీటరు వైపు తిరిగింది. "ఆరింటికి మీరు దిగారా బాబాయ్ గారూ?"

సెంటీమీటరు పుస్తకం చంకలోకి దోపుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇరవయ్యారేళ్ళలో ఒక్క పూట తప్పలేదని మొదట్లో అన్నది పచ్చి కోత. పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టి వెళ్ళిన మాట కూడా అంతే. తప్పిన పూటలు ఏరి ఒకచోట పోస్తే నాలుగైదేళ్ళవుతాయి. అతనికి ఈత రాదు. నీళ్ళంటే భయం. ఆ పదకొండు మెట్లకీ నాచు పడుతుంది, ఆ నాచంటే భయం. ఫోను మోగితే భయం, జీపు హారనంటే భయం, ఇల్లాలు కేకలేస్తే భయం, కేకలెయ్యకుండా కూర్చుంటే మరీ భయం. ఎండ పూటల్లో మెట్లు దిగేవాడు. వాన పూటల్లో వంతెన మీంచి కళ్ళు చికిలించి చూసేవాడు. మరీ బద్ధకంగా ఉన్న సాయంత్రాలు ఇంటి అరుగు మీదే కూర్చుని, పొద్దుటి అంకెకి ఒక సెంటీమీటరు కలిపో తీసో రాసేవాడు. అచ్చంగా అదే అంకె వేస్తే అనుమానం వస్తుందని ఆ ఒక్క సెంటీమీటరు. కాలువ బుద్ధిమంతురాలు గనుక ఇన్నేళ్ళూ ఆ అంకెకి అటూ ఇటూగా పారి అతని పరువు కాపాడింది.

ఇంజనీరమ్మ ఒక్క మాట అనలేదు. అతని పుస్తకం తీసుకుని, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, మంగళవారం సాయంత్రం అంకె మీద స్కేలు పెట్టి ఒక గీత కొట్టింది. పక్కన సంతకం చేసింది. పుస్తకం రెండు చేతులతో తిరిగి ఇచ్చింది. వియ్యంకుడు ఆ గీత కనబడనట్టు సైకిలు గంట తుడుచుకుంటూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక ఇల్లాలు అడిగింది. "ఏమంది ఆ పిల్ల?"

"ఏమీ అనలేదు."

"అమ్మయ్య."

"అమ్మయ్య ఏంటే. ఏమీ అనలేదు, అదే నాకు భయంగా ఉంది."

గురువారం పొద్దున ఆరింటికి అతను ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో పంచె ఎగ్గట్టుకుని, పదకొండు మెట్లూ దిగాడు. తొమ్మిదో మెట్టు దగ్గర కాలు జారింది. పంచె వదిలేసి రెండు చేతులతో గోడ కరుచుకున్నాడు. పదకొండో మెట్టు నీళ్ళలో ఉంది. చల్లటి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. వంగి పలక చూశాడు. తడి ఎక్కడుందో వేలుపెట్టి మరీ చూశాడు.

రెండూ నలభై ఆరు.

నిన్న సాయంత్రం, ఈసారి నిజంగానే దిగి చూసినప్పుడు, రెండూ నలభై. ఒక్క రాత్రిలో ఆరు పెరిగింది. అంటే వియ్యంకుడు గేటు ఇంకాస్త ఎత్తి ఉండాలి, నీళ్ళు ఎక్కువగా పారుతుండాలి. పైకొచ్చి జేబులోంచి ఫోను తీసి, ఆఫీసుకి అంకె చెప్పి, పెట్టె పంపిన మెసేజి చూశాడు. ప్రవాహం 770 అని ఉంది. నిన్న 900.

రెండోసారి చూశాడు. ఏడువందల డెబ్భయ్యే.

సెంటీమీటరు ముఖం విప్పారింది. నీళ్ళు పెరిగితే ప్రవాహం తగ్గిందంటుందేమిటి, తప్పులకుప్ప. ఇప్పుడు రానీ ఎర్ర పెన్ను. ఈ సంగతి రుజువు చెయ్యాలనుకున్నాడు. రుజువుకి పాత పద్ధతి ఒకటుంది. యంత్రాలు రాకముందు నీటి వేగం అలాగే చూసేవారు. గట్టు మీద ముప్పై మీటర్ల ఎడంతో సున్నం కొట్టిన రాళ్ళు రెండున్నాయి. ఎగువ రాయి దగ్గర కమలాపండు ఒకటి కాలువ నడిమికి విసిరి, అది దిగువ రాయి చేరేలోగా ఎన్ని అంకెలు లెక్కపెడతామో చూడాలి. కమలాపండు సగం మునిగి సగం తేలుతుంది, గాలికి లొంగదు, రంగు దూరానికి కనబడుతుంది. తొమ్మిదివందలు పారే రోజున సరిగ్గా ముప్పై అంకెలు పడతాయి.

ఇంటికెళ్ళి వంటింట్లోంచి మూడు పళ్ళు పట్టుకొచ్చాడు. వెనక నుంచి ఇల్లాలు, "కాలువకి ఫలహారం పెడుతున్నారా?" అంటూనే ఉంది.

మొదటి పండు విసిరాడు. ఒకటీ, రెండూ, మూడూ అని లెక్కపెడుతూ గట్టు మీద దాని పక్కన నడిచాడు. ముప్పై దగ్గర పండు ఇంకా రాయి చేరలేదు. ముప్పై ఆరుకి చేరింది. రెండో పండుకి ముప్పై ఏడు. మూడో పండుకి మళ్ళీ ముప్పై ఆరు.

విప్పారిన ముఖం వాడిపోయింది. పెట్టె తప్పు చెప్పడం లేదు. నీళ్ళు నిజంగానే నెమ్మదించాయి. నెమ్మదించాయి, పెరుగుతున్నాయి. సినిమా హాల్లోంచి జనం బయటికొచ్చేటప్పుడు ముందు తలుపు ఎవరైనా మూసేస్తే ఏమవుతుంది? ముందువాళ్ళు ఆగిపోతారు, వెనకవాళ్ళు వచ్చి పడుతూనే ఉంటారు. కింద ఎక్కడో ఏదో అడ్డుపడింది. కాలువ పారడం మానేసి నిండుతోంది.

అప్పుడే ఎగువ నుంచి కిర్రుమని చప్పుడు వినిపించింది. అరిగిన ఇనుప మర మీద గేటు పైకి లేచే చప్పుడది. ఇరవయ్యారేళ్ళుగా వింటున్నాడు.

సైకిలు తొక్కుతూ గేటు దగ్గరికి చేరేసరికి ఊపిరి అందలేదు. వియ్యంకుడు చక్రం తిప్పుతున్నాడు. మెడ మీద తువ్వాలు, పక్కన ఫ్లాస్కు.

"రండి బావగారూ, పొద్దున్నే ఇలా వచ్చారు. టీ తాగుతారా?"

"ఆపండి బావగారూ. ఎత్తకండి."

"ఆఫీసు నుంచి ఆర్డరు. పెట్టె ఏడువందల డెబ్భై చూపిస్తోందట. తొమ్మిదివందలు చూపించేదాకా ఎత్తమన్నారు."

"మీరు ఎత్తేకొద్దీ అది చూపించదు. కింద ఎక్కడో కాలువ మూసుకుపోయింది. నీళ్ళు పోవట్లేదు, పేరుకుంటున్నాయి."

"ఎక్కడ మూసుకుంది?"

"తెలీదు."

"చూశారా మీరు?"

"చూడలేదు."

వియ్యంకుడు చక్రం ఆపాడు గానీ చెయ్యి తియ్యలేదు. "నిన్న కూడా చూడలేదు కదండీ," అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. జ్ఞాపకం చేస్తున్నట్టుగా అన్నాడు.

"బావగారూ, ఆ మలుపు కింద మా అక్క ఉంది."

"ఉంది. మా అమ్మాయి రవికలన్నీ ఆవిడే కుడుతుంది. ఆవిడంటే నాకు మాత్రం గౌరవం లేదా? కానీ నాకింకా రెండేళ్ళ సర్వీసుంది. నోటిమాట మీద గేటు దించేస్తే రేపు నన్ను ఎవరు కాస్తారు? ఆఫీసుతో చెప్పించండి, దించుతాను."

సెంటీమీటరు ఫోను తీశాడు. ఇన్నేళ్ళలో అతను ఆఫీసుకి ఫోను చేసి ఒక అంకె తప్ప వేరే మాట చెప్పలేదు. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు.

"బాబాయ్ గారూ, మీ రీడింగు వచ్చింది," అంది ఇంజనీరమ్మ. చుట్టూ ఫోన్లు మోగుతున్న చప్పుడు. నాలుగు కాలువల మీద నలభై పెట్టెలు చూసుకోవాలి ఆమె.

"రీడింగు గురించి కాదమ్మా. గేటు ఎత్తించకండి."

"ప్రవాహం పడిపోతోంది కదా."

"పడిపోతోంది. పడిపోయేకొద్దీ మట్టం పెరుగుతోంది."

అవతల ఒక నిట్టూర్పు వినిపించింది. "మళ్ళీ పెట్టె తప్పంటారా?"

"కాదమ్మా, పెట్టె నిజమే చెబుతోంది." అతను వియ్యంకుడి వైపు వీపు తిప్పి నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు గానీ అక్కడ వినబడకుండా దాగే మాటేముంది. "అబద్ధం చెప్పింది నేను. మంగళవారం దిగలేదు. అంతకుముందు కూడా చాలాసార్లు దిగలేదు. ఇంట్లో కూర్చుని రాశాను. నా పుస్తకంలో చాలా అంకెలు నా బుర్రలోంచి వచ్చినవే. ఇవాళ మాత్రం దిగానమ్మా. నన్ను నమ్మకండి. పెట్టెనే నమ్మండి. కాకపోతే అది హెచ్చవేసి పంపే ఆ ఒక్క అంకె చూడకండి. మట్టం విడిగా చూడండి, వేగం విడిగా చూడండి. మీ కంప్యూటర్లో ఉంటాయి కదా రెండూ."

అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు వినబడింది. వియ్యంకుడు తువ్వాలుతో ముఖం తుడుచుకోవడం మర్చిపోయి చూస్తున్నాడు.

"ఒక గీత పైకి పోతోంది," అంది ఆమె నెమ్మదిగా.

"రెండోది?"

"కిందకి. తెల్లవారుజాము నాలుగింటి నుంచి." తర్వాత ఆమె గొంతు మారింది. "మలుపు దాటాక రోడ్డు కింద నుంచి కాలువ వెళ్ళే తూము ఒకటి ఉంది కదా. గుర్రపుడెక్క మొక్క కొట్టుకొచ్చి దాని నోటికి పట్టేసిందేమో. దాన్ని తోడే యంత్రాన్ని పంపిస్తాను. ఫోను గేటాయనకి ఇవ్వండి."

వియ్యంకుడు ఫోను చెవికి ఆనించుకుని నిటారుగా నిలబడ్డాడు. "అలాగే మేడమ్. దించేస్తాను మేడమ్. ఒక చిన్న మెసేజి కూడా పెట్టండి మేడమ్, నా దగ్గర కాగితంలా ఉంటుంది." ఫోను తిరిగి ఇచ్చేసి చక్రానికి రెండు చేతులూ వేశాడు. "మీరు వెళ్ళండి బావగారూ. ఇది పూర్తిగా దిగేసరికి ముప్పావుగంట పడుతుంది. ఈలోగా లోపలికొచ్చేసిన నీళ్ళని నేనేం చెయ్యలేను."

వంతెన దగ్గర ఆగి పలక చూశాడు. రెండూ డెబ్భై ఒకటి.

మలుపుదాకా గట్టు మీద మూడు కిలోమీటర్లు. దారి సన్నం. కుడిపక్క నీళ్ళు, ఎడమపక్క పల్లం. ఎప్పుడూ ఆ దారిన సైకిలు నడిపించుకుంటూ పల్లంవైపే కళ్ళు పెట్టుకుని పోయేవాడు. ఇవాళ తొక్కుతున్నాడు. నీళ్ళు పెడలుకి అడుగు దూరంలో ఉన్నాయి. పారే నీళ్ళకి ఒక చప్పుడుంటుంది, గట్టుకి రాసుకుంటూ, గడ్డిని దువ్వుకుంటూ. ఈ నీళ్ళు చప్పుడు చెయ్యడం మానేశాయి. పచ్చటి గుర్రపుడెక్క ఆకులు ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఎక్కడికీ పోకుండా, ఉన్నచోటే పైకి లేస్తున్నాయి. చప్పుడు లేని ఆ నీళ్ళ పక్కన తన ఊపిరి తనకే పెద్దగా వినబడి, ఎవరో వెంబడిస్తున్నట్టుగా అనిపించి రెండుసార్లు వెనక్కి చూశాడు.

కుంగిన చోట ఆగాడు. నీటికీ గట్టు అంచుకీ మధ్య జానెడు ఉంది. ఇటువైపు చూస్తే ఇళ్ళ పైకప్పులు అతని కాళ్ళకంటే కిందున్నాయి. ఎవరో పెరట్లో బట్టలు ఆరేస్తున్నారు. రేడియోలో వార్తలు వస్తున్నాయి. ఆ బట్టల తీగకంటే, ఆ రేడియోకంటే ఎత్తున కాలువ నిండుగా, నిశ్శబ్దంగా నిలబడి ఉంది.

గట్టు దిగి అడుగున చూశాడు. అక్క ఇంటి వెనక గోడకి ఎదురుగా, గడ్డిలోంచి వేలెడు లావున నీళ్ళు ఊరుతున్నాయి. గట్టు అడుగున ఊట తేటగా ఉంటే ఫరవాలేదు, బురదగా వస్తే గట్టు లోపలి మట్టి కరిగి బయటికి పోతున్నట్టు. దోసిట్లో పట్టాడు. తేటగానే ఉంది. కళ్ళ ముందే సన్నగా మసకబారింది. దోసిలి అడుగున మట్టి దిగింది.

వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. అరుగుల మీద ఉన్నవాళ్ళు చూశారు.

"ఏం సెంటీమీటరు మావా, ఇవాళ ఎన్ని?"

"ఒకటా, రెండా? చెప్పకపోతే మాకు అన్నం సహించదు."

"ఆగరా, మావ లెక్క మర్చిపోయాడు."

చెబుదామని నోరు తెరిచాడు. మాట రాలేదు. చెయ్యెత్తి గట్టు వైపు చూపించాడు. ఇంకా ఎవరో నవ్వారు.

మొదటి ఇంటి గుమ్మంలో కుట్టుమిషను ముందు కూర్చున్న అక్క తల ఎత్తింది. నోట్లో గుండీలు పెట్టుకుని ఉంది. తమ్ముడి ముఖం చూసింది. గుండీలు ఒక్కొక్కటే అరచేతిలోకి ఉమ్మింది.

"నవ్వులాపండి," అంది. పెద్దగా అనలేదు. "వీడు పుట్టినప్పటి నుంచి భయపడుతూనే ఉన్నాడు. భయమేస్తే వాగుతాడు. బల్లిని చూసినా గంటసేపు వాగుతాడు. ఇప్పుడు మాట్లాడట్లేదు, చూస్తున్నారా? లేవండి. పిల్లల్ని ఎత్తుకోండి. ముసలాళ్ళని లేపండి. రోడ్డు మీదకి పదండి."

"అక్కా, పొయ్యి మీద అన్నం..."

"పొయ్యి ఆర్పి రా. అన్నం మళ్ళీ వండుకోవచ్చు."

అక్క మాటంటే వీధికి హడల్. అరగంటలో ముప్పై ఇళ్ళూ ఖాళీ అయ్యాయి. ఆవిణ్ణి సైకిలు వెనక కూర్చోబెట్టి సెంటీమీటరు తోశాడు. ఆవిడ ఒక చేతిలో కత్తెర, ఒళ్ళో సగం కుట్టిన చొక్కా.

"అవెందుకక్కా ఇప్పుడు?"

"ఎల్లుండికిస్తానని మాటిచ్చాను. చూసి తొయ్యి, గుంటలో పడేస్తావు. నీ చెమటేంట్రా, కాలువకంటే ముందు నువ్వే పొంగేలా ఉన్నావు."

రోడ్డు ఎత్తు మీద నిలబడి అందరూ చూశారు. తొమ్మిది దాటిన కాసేపటికి కుంగిన చోట గట్టు అంచు మెరిసింది. తర్వాత మంచం వెడల్పున, పలుచగా, తొందరేమీ లేనట్టు నీళ్ళు ఇటువైపు జారాయి. ఎవరూ అరవలేదు. ఒకామె తన ఇంటి తాళంచెవి పిడికిట్లో నొక్కిపెట్టుకుని ఉంది. జారే నీళ్ళు అరగంట జారాయి. వీధిలో మోకాటి లోతు నిలిచాయి. అక్క ఇంటి వెనక గోడ ఒక్కసారి వంగి, ఏదో ఆలోచించుకున్నట్టు ఆగి, లోపలికి కూలింది. ఆ గోడ పక్కనే ఆవిడ మంచం. రోజూ తొమ్మిదింటికి మోకాళ్ళకి నూనె రాసుకుని ఆవిడ నడుం వాల్చే వేళ అది.

అక్క సైకిలు మీంచి దిగలేదు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది.

దూరంగా తూము దగ్గర యంత్రం గుర్రపుడెక్కని తోడి రోడ్డు మీద గుట్టలు పోస్తోంది. గేటు ఎప్పుడో దిగిపోయింది. పదింటికల్లా గట్టు మీంచి నీళ్ళు జారడం ఆగింది. సాయంత్రానికి కాలువ మళ్ళీ చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది. గట్టు తెగలేదు. ప్రాణాలేవీ పోలేదు.

శనివారం ఇంజనీరమ్మ ఒక కాగితం తెచ్చింది. పై ఆఫీసుకి పంపిన నివేదిక. సెంటీమీటరు వంతెన మీద నిలబడి చదివాడు. రాడార్ వ్యవస్థ మట్టంలోనూ వేగంలోనూ తేడాని సకాలంలో గుర్తించినందువల్ల గేటు మూసి ప్రాణనష్టం నివారించగలిగామని ఉంది. వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

"మీ పేరు రాద్దామనుకున్నాను," అంది ఆమె, అతని వైపు చూడకుండా. "రాస్తే మీ పుస్తకాలు అడుగుతారు బాబాయ్ గారూ. ఇరవయ్యారేళ్ళవీ."

అతను చాలాసేపు కాగితం మడతపెట్టాడు. "మంచిపని చేశారమ్మా," అన్నాడు. నిజంగానే గుండె మీంచి బండ దింపినట్టయింది. ఇంటికెళ్ళేదాకా ఆ తేలిక ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతుంటే ఎందుకో కళ్ళు మండాయి.

"ఇకనుంచి మెసేజిలో మట్టం, వేగం విడివిడిగా వస్తాయి," అని కూడా చెప్పిందామె వెళ్ళేముందు. "ఒకటి పెరిగి ఒకటి తగ్గితే ఫోన్లన్నీ కూస్తాయి."

పదో రోజున ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. రాడారుకి తోడుగా గేజీ మనిషి కూడా కొనసాగవలెనని, అడుగున గుండ్రటి ముద్రతో. ఇల్లాలు దాన్ని నాలుగుసార్లు చదివించుకుని బట్టల పెట్టెలో అడుగున దాచింది.

ఆ ఆర్డరు ఒక్కటి నేను కల్పించాను. అక్కడిదాకా వచ్చాక అతన్ని ఉత్తచేతులతో పంపడానికి మనసొప్పలేదు. నిజానికి పదో రోజున జీపు వచ్చింది, ఇంజనీరమ్మ ఇక మెట్లు దిగనక్కర్లేదని చెప్పి పుస్తకం తీసుకుంది, అతని చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది. ఆర్డరూ లేదు, ముద్రా లేదు. మిగిలిందంతా జరిగిందే. పొద్దున ఆరింటికి సెంటీమీటరు గోడ పట్టుకుని, వణుకుతూ, పదకొండు మెట్లూ దిగుతున్నాడు. ఎవరూ దిగమనలేదు. పైకొచ్చి అక్కకి ఫోను చేస్తాడు.

"ఎంతరా?"

"రెండూ నలభై."

"దిగి చూశావా?"

"దిగానక్కా," అంటాడు. ఆ మాట నేను కల్పించింది కాదు.